వైజాగ్ నుంచి మెడిటరేనియన్ తీరానికి వారం రోజులు: ఒక్క ఊళ్ళోనే ఉండిపోవాలని ఉంది, ఎక్కడైతే బాగుంటుంది?

ఎంవీపీ సెక్టార్ ఆరు

అందరికీ నమస్కారం. సెప్టెంబరు ఆఖరుకి మా పెళ్ళై 25 ఏళ్ళు నిండుతాయి. పిల్లాడు ఉద్యోగంలో చేరాడు, ఇంటి లోను తీరిపోయింది, ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చిన ఫారిన్ ట్రిప్ ఈసారి వెళ్ళాల్సిందేనని నేనూ మా ఆవిడా గట్టిగా అనుకున్నాం. ద్వారకానగర్‌లో ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గరికి వెళ్తే 9 రోజుల్లో 6 దేశాలు అని రంగుల కాగితం చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి తీరిగ్గా చదివితే పొద్దున 6.30కి టిఫిను, 7.15కి బస్సు, ఒక టవరు, ఒక వంతెన, మధ్యాహ్నం ఇండియన్ లంచ్, రాత్రి 9కి ఇంకో దేశంలో హోటలు. మా ఆవిడ కాగితం ముందూ వెనకా తిప్పి చూసి "ఇది ట్రిప్పా, ఎలక్షన్ డ్యూటీయా" అంది. తను టీచరు లెండి, రెండోదాని సంగతి బాగా తెలుసు.

తను అడిగేది ఒక్కటే. ఒకే ఊరు, కిటికీ తీస్తే సముద్రం, ఉదయం ఎన్నింటికి లేచినా ఎవరూ అడగకూడదు, పెట్టె ఒక్కసారి విప్పితే మళ్ళీ తిరుగు ప్రయాణానికే సర్దాలి. మెడిటరేనియన్ తీరమే అని ఇద్దరం ఒప్పుకున్నాం గానీ ఆ తీరం చూస్తే అంతులేనంత ఉంది, ఒకరు ఇటలీలో అమాల్ఫీ అంటారు, ఒకరు ఫ్రాన్సులో నీస్ అంటారు, యూట్యూబ్ చూస్తే అన్నీ ఒకలాగే మెరుస్తున్నాయి. 6 రాత్రులు అనుకుంటున్నాం. విమానం టికెట్లు కాకుండా ఇద్దరికీ 5 లక్షల దాకా పెట్టగలను, జీవితంలో ఒకసారి కాబట్టి గది విషయంలో పిసినారితనం చేయదలచుకోలేదు.

ఇబ్బందులు చెప్తాను. మా ఆవిడకి కుడి మోకాలు నొప్పి, ఎక్కడం పర్వాలేదు, మెట్లు దిగడమే కష్టం. నేను చేపలు తింటాను, తను గుడ్డు కూడా ముట్టదు. ఇక మా అమ్మ ఉంది. "సముద్రం చూడ్డానికి అంత దూరం ఎందుకురా, మేడెక్కితే కనిపించట్లేదా" అని రోజూ అడుగుతోంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే అది కూడా రాయండి.

జగదాంబ గుంటడు

ఏటి సార్, 5 లక్షలా! మీ అమ్మగారు రైటే. భీమిలి రోడ్లో మాంచి రిసార్టులో సీ వ్యూ గది తీసుకోండి, 6 రాత్రులు ఉండండి, ఎన్నింటికైనా లేవండి, సాయంత్రం ఆర్కే బీచ్‌కొచ్చి మూరి మిక్చర్ తినండి. మిగిలింది ఎఫ్‌డీ వేసుకోండి. వీసా టెన్షన్ లేదు, భాష టెన్షన్ లేదు, టీ దొరుకుతుంది.

ఎంవీపీ సెక్టార్ ఆరు

గుంటడు గారూ, భీమిలి రోడ్లో 24 పెళ్ళిరోజులు అయిపోయాయండి.

సీతమ్మధార కాఫీ

మేము నిరుడు జూన్‌లో అమాల్ఫీ తీరానికి వెళ్ళొచ్చాం. అందం గురించి రాయను, వీడియోల్లో చూసిందంతా నిజమే. చూపించనివి రాస్తాను.

అక్కడ ఊళ్ళు కొండకి అతికించినట్టు ఉంటాయి. మా గది పొసిటానోలో తీసుకున్నాం, ఫోటోలో బాల్కనీ, బాల్కనీ కింద నీలం సముద్రం. బస్సు దిగిన చోటి నుంచి గదికి 180 పైచిలుకు మెట్లు, పెట్టెలతో దిగుతూ నేనే లెక్కపెట్టాను. ఇంటి ఓనరు వాటి సంగతి ముందు చెప్పలేదు, అడిగితే "ఇక్కడ అందరికీ అంతే" అని నవ్వాడు. అన్నా, వదిన గారికి దిగడమే కష్టమన్నారు కాబట్టి చెప్తున్నా, పొసిటానోలో కాఫీకి వెళ్ళాలన్నా దిగాలి, సముద్రానికి వెళ్ళాలన్నా దిగాలి. నాకు మోకాళ్ళు బానే ఉన్నాయి, అయినా మూడో రోజుకి పిక్కలు పట్టేశాయి.

ఇక రోడ్డు. ఆ తీరమంతటికీ ఒకటే, ఎస్ఎస్ 163. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మలుపు మలుపుకీ హారన్, మన ఘాట్ రోడ్డులో బస్సూ బస్సూ ఎదురుపడినట్టే, కాకపోతే రోజంతా అదే. సీజన్లో రద్దీ రోజుల్లో సరి, బేసి నంబర్ల లెక్కన కార్లని వదులుతారు. అందుకని అందరూ ఫెర్రీ ఎక్కుతారు, ఫెర్రీ నిజంగానే హాయి, నీళ్ళ మీంచి చూస్తేనే ఆ ఊళ్ళు అర్థమవుతాయి. కానీ సముద్రం కాస్త లేస్తే ఫెర్రీ రద్దు. మాకు రెండో రోజే అయింది. మర్నాటి దాకా పడవల్లేవన్నారు, ఊళ్ళో జనమంతా బస్టాపుకే వచ్చిపడ్డారు, సంక్రాంతికి ముందు రోజు మన ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఉన్నట్టుంది. నాలుగో బస్సులో నించోడానికి చోటు దొరికింది.

ఇంకో చిత్రం చెప్పనా. ఇటలీలో 1999లో చిట్టాస్లో అని నెమ్మదిగా బతికే ఊళ్ళ సంఘం ఒకటి పెట్టారు, దాన్ని మొదలెట్టిన నాలుగు ఊళ్ళలో పొసిటానో ఒకటి. జూన్ మధ్యాహ్నం ఆ సందుల్లో నడిస్తే మనమూ నెమ్మదిగానే నడుస్తాం, ముందున్నవాళ్ళు కదిలితే కదా.

మాకు నచ్చింది రవెల్లో. చివరి రెండు రాత్రులు అక్కడికి మారిపోయాం. సముద్రానికి 350 మీటర్ల పైన ఉంటుంది, అమాల్ఫీ నుంచి బస్సులో అరగంట. చౌకు దగ్గర నేల చదునుగా ఉంటుంది, విల్లా రూఫొలో తోట అక్కడికి రెండడుగులు. సాయంత్రానికి టూరు బస్సులన్నీ దిగిపోతాయి, ఇక ఊరు మనదే. విల్లా చింబ్రోనే తోట చివర రాతి బొమ్మలు వరసగా నిలబెట్టిన వసారా ఉంది, అక్కడ నించుంటే ఎంతసేపటికీ కదలబుద్ధి కాదు. కానీ సముద్రం చూపే తప్ప చేతికి అందదు. తాకాలంటే మళ్ళీ బస్సు.

శాకాహారం సంగతి. నిమ్మకాయ పెట్టి చేసే పాస్తా, టమాటాలు, మోజరెల్లా, వంకాయ ఇవన్నీ బ్రహ్మాండం. అక్కడి నిమ్మకాయ పొడుగ్గా, మన గజనిమ్మ పోలికలో ఉంటుంది, తొక్కలోని తెల్ల కండ చేదుండదు, ముక్కలు కోసి ఉప్పు చల్లి అలాగే పెడతారు. నేనైతే రోజూ తిన్నాను. జాగ్రత్త పడాల్సింది నెత్తళ్ళ దగ్గర. చెతారా అనే ఊళ్ళో నెత్తళ్ళు ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం ఉంటుంది, కొలతూరా అంటారు, చూడ్డానికి తేనె రంగు నీళ్ళు. స్పగెట్టీలో అది కలిపేస్తే కంటికి కనపడదు, అడిగి తెలుసుకోవాల్సిందే.

రిటైర్డ్ ఇంజిన్‌రూమ్

తమ్ముడూ, ముందు మీ అమ్మగారి ప్రశ్న చూద్దాం. నేను 31 ఏళ్ళు సరుకు ఓడల్లో ఇంజిన్‌రూమ్‌లో పనిచేశాను. రిటైరైన కొత్తలో మా ఇంట్లోనూ ఇదే ప్రశ్న. అన్ని సముద్రాలూ ఒకటే కదా అని.

ఒకటి కాదు. మెడిటరేనియన్ చుట్టూ భూమే. అట్లాంటిక్‌లో కలిసే జిబ్రాల్టర్ దగ్గర ఇరుకైన చోట వెడల్పు 14 కిలోమీటర్లే, అందుకని మహాసముద్రం పోటు లోపలికి పెద్దగా రాదు. చాలాచోట్ల పోటుకీ పాటుకీ తేడా జానెడో మూరెడో, అంతే. మనదగ్గర అలా కాదు. ఎక్కడో దక్షిణ ధ్రువం వైపు తుఫాన్లలో పుట్టిన అల, మధ్యలో అడ్డేమీ లేక వేల కిలోమీటర్లు వచ్చి మన ఒడ్డుకి కొడుతుంది. వెనక్కి లాగేటప్పుడు కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది చూడండి, ఆర్కే బీచ్‌లో దిగొద్దని బోర్డులు ఊరికే పెట్టలేదు.

రెండోది ఉప్పు. బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి పడతాయి, ఒండ్రూ వస్తుంది, మంచినీళ్ళూ వస్తాయి. అక్కడ పడే నదులు తక్కువ, ఎండకి ఆవిరయ్యేది ఎక్కువ. లీటరు నీళ్ళలో 38 గ్రాముల దాకా ఉప్పు, మనిషి తేలికగా తేలతాడు. నీళ్ళలో నాచుకి తిండి తక్కువ, కాబట్టి మురుగు రంగు ఉండదు, అడుగున రాయి కూడా కనిపిస్తుంది. అదే కారణంగా చేపలూ తక్కువే. మన ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున 5కి చూసే రాశులు అక్కడ కనపడవు, హోటల్లో చేప రేటు చూసినప్పుడు ఈ మాట గుర్తు చేసుకోండి.

అలాగని ఎప్పుడూ పళ్ళెంలో నీళ్ళలా ఉంటుందనుకోవద్దు. ఫ్రాన్సు పైనుంచి మిస్ట్రాల్ అని గాలి దిగుతుంది, లియాన్ సింధుశాఖలో అది మా ఓడని రెండు రోజులు ఊపిన ఊపుకి మా కుక్ చపాతీలు మానేసి అందరికీ బిస్కట్లు పంచాడు.

ఇక ఊరు. నేను చెప్పేది మీ లిస్టులో లేదు. కమోగ్లి అని రాస్తారు, కమోల్యి అని పలుకుతారు. ఇటలీలోనే, జెనోవా నుంచి లోకల్ రైల్లో ముప్పావు గంట. 1994లో జెనోవాలో సరుకు దించడం ఆలస్యమై 11 రోజులు ఆగిపోయాం, ఒకరోజు సెలవు దొరికితే ఎవరో చెప్పారని రైలెక్కాను. చిన్న రేవు, రేవు చుట్టూ ఆరేడు అంతస్తుల ఎత్తున పసుపు, గులాబీ, ఇటుక రంగు ఇళ్ళు. కిటికీల చుట్టూ చెక్కడాలు అంత ఎత్తున ఎలా చెక్కారా అని దగ్గరికెళ్ళి చూస్తే చెక్కడాలు కావు, గోడ మీద వేసిన రంగు. కొన్నిచోట్ల కిటికీ కూడా బొమ్మే. మా థర్డ్ ఇంజినీరు ఒక కిటికీలో అమ్మాయి కనపడుతుందేమోనని పది నిమిషాలు చూశాడు పాపం.

ఆ పేరుకి ఊళ్ళోవాళ్ళు చెప్పే అర్థం ఒకటుంది, కాజె దెల్లె మోల్యి, భార్యల ఇళ్ళు. ఒకప్పుడు మగవాళ్ళంతా తెరచాప ఓడల మీద వెళ్ళిపోతే ఊళ్ళో ఆడవాళ్ళే మిగిలేవారట. నిజంగా పేరు అలాగే వచ్చిందో లేదో పండితులు తేల్చుకోవాలి. నాకు మాత్రం ఆ మాట విన్న గంటలోనే రేవు దగ్గరి బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ "మోటారు కాలిపోయింది, మిస్త్రీ మూడు రోజుల నుంచి ఇదిగో అదిగో అంటున్నాడు, మీరెప్పుడొస్తారు" అంది. నేను నాలుగు నెలలు పడుతుందని చెప్పాను. ఫోన్ పెట్టేశాక కాసేపు ఆ ఇళ్ళ వైపు చూడలేకపోయాను.

2016లో తనని తీసుకెళ్ళాను. 5 రాత్రులు, అదే ఊరు, ఎక్కడికీ కదల్లేదు. పొద్దున బేకరీలో ఫొకాచా కొనేవాళ్ళం, మందపాటి రొట్టె, పైన వేలితో నొక్కిన గుంటల్లో ఆలివ్ నూనె, ఉప్పు కల్లు నిలిచి ఉంటాయి. వేడిగా కాగితంలో చుట్టి ఇస్తే నూనె కాగితం దాటి చేతికి అంటుతుంది. అక్కడివాళ్ళు దాన్ని కాఫీలో ముంచుకుని తింటారు, మనం టీలో బన్ను ముంచుకున్నట్టు. మా ఆవిడ మొదటిరోజు ఛీ అంది, మూడోరోజు తనే ముంచింది. మీ ఆవిడకి తిండి ఇబ్బంది ఉండదు. అడవి ఆకుకూరలు, జున్ను పెట్టి చుట్టి అక్రోటు పప్పు ముద్దలో కలిపిచ్చే పాన్‌సొత్తి ఉంది, శనగపిండితో కాల్చే ఫరినాతా ఉంది. పాన్‌సొత్తి పిండిలో గుడ్డు వేస్తారేమో అడగాలి, చాలామంది వేస్తారు.

రేవు నుంచి పడవ ఎక్కితే అరగంటలో సాన్ ఫ్రుతువోసో. రోడ్డు లేని చోటు, పడవలోనో కాలినడకనో వెళ్ళాలి. ఒక పాత మఠం, దాని ముందు గులకరాళ్ళ ఒడ్డు, ఆ పక్కన నీళ్ళలో 17 మీటర్ల అడుగున చేతులు పైకెత్తిన క్రీస్తు కంచు విగ్రహం, 1954లో దింపారు.

ఒక తప్పు చేశాం, మీరు చేయకండి. లోకల్ రైలు కాగితం టికెట్టు ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి. మర్చిపోయాం, ఫైన్ కట్టాం. మెట్లు ఇక్కడా ఉన్నాయి, స్టేషను పైన, రేవు కింద. ఒకసారి దిగిపోతే సముద్రపు ఒడ్డు నడకదారి మాత్రం చదునే.

అక్కయ్యపాలెం టు ఆంటీబ్

అంకుల్ గారు, మోటారు మిస్త్రీ దగ్గర ఆగిపోయాను, మా నాన్న కూడా షిప్పులోనే పనిచేసేవారు.

నేను ఆరేళ్ళుగా ఇక్కడ సోఫియా ఆంటిపోలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాను, నీస్ పక్కనే, మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. కాబట్టి నాది కొంచెం సొంతూరు పక్షపాతం అనుకోండి. సెక్టార్ ఆరు అంకుల్, ఆంటీ గారి మోకాలు, శాకాహారం, కదలకుండా కూర్చోవడం, ఈ మూడూ చూస్తే నేను విల్‌ఫ్రాంష్ అంటాను. పూర్తి పేరు విల్‌ఫ్రాంష్ సుర్ మేర్.

హైదరాబాద్ నుంచి దుబాయ్, దుబాయ్ నుంచి నేరుగా నీస్‌కి ఎమిరేట్స్ ఉంది. నీస్ ఎయిర్‌పోర్టు సముద్రం అంచునే, అక్కడి నుంచి ఊళ్ళోకి ట్రామ్. నీస్ మెయిన్ స్టేషన్లో లోకల్ రైలెక్కితే పది నిమిషాల లోపే విల్‌ఫ్రాంష్, దిగితే కిందే బీచ్. నీస్ బీచ్ మొత్తం గుండ్రాళ్ళు, అందరూ పడక్కుర్చీలు వేసుకోడానికి అదే కారణం. విల్‌ఫ్రాంష్‌లో మారినియేర్ అనే బీచ్‌లో సన్న ఇసుకలాంటి గులకే, మూడు వైపులా కొండలున్న లోతైన అఖాతం, అలలు తక్కువ. ఎంత లోతంటే పెద్ద క్రూజ్ షిప్పులు ఊరి ముందే లంగరేస్తాయి, 1960ల దాకా అమెరికా ఆరో నౌకాదళం ఓడలు ఇక్కడే ఉండేవి. డాల్ఫిన్ నోస్ చూసి పెరిగినవాళ్ళకి ఆ కొండని చూడగానే ఎక్కడో చూసినట్టుంటుంది. క్రూజ్ షిప్ వచ్చిన రోజు ఊరంతా జనం, ఏ రోజు వస్తుందో ముందే హోటల్‌ని అడిగి ఆ రోజు వేరే ఊరికి వెళ్ళిపోండి.

పాత ఊళ్ళో 13వ శతాబ్దం నాటి వీధి ఒకటి ఇళ్ళ కిందుగా పోతుంది, రూ ఒబ్స్‌క్యూర్, పగలు కూడా దీపాలు వెలుగుతాయి. రేవు దగ్గర బెస్తవాళ్ళ చిన్న చర్చి ఉంది, లోపల గోడల నిండా ఝాన్ కొక్తో అనే ఫ్రెంచి కవి, చిత్రకారుడు 1957లో బొమ్మలు వేశాడు. ఇవి రెండూ కలిపి గంట పని. తర్వాత ఐదు రోజులు ఏం చేస్తారంటే, ఏమీ చేయరు, మీరు అడిగింది అదే కదా.

నడవాలనిపిస్తే ఒక స్టేషను అవతల బ్యూలియూ, అక్కడి నుంచి సెయింట్ ఝాన్ కాప్ ఫెర్రా దాకా సముద్రం పక్కనే చదునైన దారి ఉంది, మోరీస్ రూవియే పేరు పెట్టారు. తాపీగా నడిచినా గంట పట్టదు, మధ్యలో బెంచీలు. ఆ పైనే గులాబీ రంగు విల్లా, బియాత్రీస్ ఎఫ్రుసీ ద రోత్‌షీల్డ్ అనే ఆవిడ 1905 నుంచి 1912 దాకా కట్టించుకుంది. తోటలో నించుంటే రెండు వైపులా సముద్రం. ఖరీదైన టీ ఒకటి అక్కడ తాగేయండి, ట్రిప్ మొత్తంలో ఇంక అలాంటి టీ దొరకదు, టీ అంటే వేడినీళ్ళూ దారం కట్టిన సంచీ తెచ్చిస్తారు.

బస్సు మీద సరదా ఉంటే, ఈ కొండల మీద నీస్ నుంచి మొనాకో వైపు మూడు రోడ్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, కింది కార్నిష్, మధ్య కార్నిష్, పెద్ద కార్నిష్. మన భీమిలి రోడ్డుని మూడు అంతస్తుల్లో వేశారనుకోండి.

తిండి. నీస్ పాత ఊళ్ళో సొక్కా అని అమ్ముతారు. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చి, అంచులు మాడాక గీకి ముక్కలుగా తీసి మిరియాల పొడి చల్లి ఇస్తారు. గుడ్డు లేదు, పాలు లేవు. మా అమ్మ వచ్చినప్పుడు అరగంట లైన్లో నించోబెట్టి తినిపిస్తే "ఇది శనగపిండి అట్టే కదే, కాస్త వాము పడుంటే బాగుండేది" అని తేల్చేసింది. ఆ అట్టు అంటే ఇక్కడివాళ్ళకి ప్రాణం. రతతూయ్ కూడా ఈ ఊరి కూరే, వంకాయ, టమాటా, క్యాప్సికం, గుమ్మడి జాతి కాయ ఒకటి. సలాడ్ కదా అని నీస్వాజ్ సలాడ్ తెప్పించుకోకండి, గుడ్డు, నెత్తళ్ళు, టూనా అన్నీ ఉంటాయి. మాంసం వద్దంటే చేప పెట్టేస్తారు, వీళ్ళ లెక్కలో చేప మాంసం కాదు. అందుకే మాంసం, చేప, గుడ్డు మూడూ వద్దని విడివిడిగా చెప్పాలి, "ని వియాండ్, ని పువాసోన్, ని ఉఫ్". మధ్యాహ్నం 2 దాటితే వంటగది మూసేస్తారు, రాత్రి 7 దాకా తెరవరు, సాయంత్రం ఆకలికి మీ జంతికలే గతి. కూర్ సలేయా కూరగాయల మార్కెట్టుకి సోమవారం వెళ్ళకండి, ఆ రోజు పాత సామాన్లు అమ్ముతారు.

గది బుక్ చేసేముందు రేవు వైపు కిటికీ, లిఫ్టు, రోడ్డు నుంచి రిసెప్షన్‌కి ఎన్ని మెట్లు, ఈ మూడూ మెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. 350, 400 యూరోల గదుల్లో కూడా లిఫ్టు లేనివి ఉన్నాయి.

ఫైలు కదిలింది

వీసా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. షెంగెన్ అంటే ఇటలీ, ఫ్రాన్సు లాంటి యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా, దాని ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, సర్వీసు ఛార్జీ వేరు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి, మీరు మాత్రం జూన్‌లోనే పెట్టేయండి, వేసవిలో స్లాట్లు దొరకవు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికే పెట్టాలి, కాబట్టి ముందు ఊరు తేల్చుకోండి. ఇన్సూరెన్సు 30,000 యూరోలకి తగ్గకూడదు. వేలిముద్రలకి మేం హైదరాబాద్ వెళ్ళాం. ఏజెంటు ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని ముందస్తు పన్ను పట్టుకుంటారు, అది పోయిన డబ్బు కాదు, రిటర్నులో చూపించి సర్దుకోవచ్చు.

జగదాంబ గుంటడు

అంతా చదివాను సార్. భీమిలి మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఎఫ్‌డీ మాట అలాగే ఉంది.

ఎంవీపీ సెక్టార్ ఆరు

నేను ఆయన భార్యని. ఆయన ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి పడుకున్నారు, ఈ ఐడీలోంచే రాస్తున్నాను. అందరి జవాబులూ రెండుసార్లు చదివాను. మోకాలు నాది, కంగారు మీ అందరిదీ అయింది, చాలా థాంక్స్.

ఆయన రాయని సంగతి ఒకటి ఉంది. మాది బొబ్బిలి. పెళ్ళై వైజాగ్ వచ్చేదాకా సముద్రం చూసింది రెండుసార్లు. వచ్చాక 25 ఏళ్ళుగా రోజూ కనిపిస్తూనే ఉంది గానీ ఒక్కసారైనా దిగలేదు, చీర కుచ్చిళ్ళు తడవకుండా ఎంతవరకు వెళ్ళగలనో అంతే. కార్తీక మాసంలో స్నానానికి వెళ్ళినా ఇద్దరు అటూ ఇటూ చేతులు పట్టుకోవాలి, అల రాగానే అందరూ వెనక్కి పరుగు. నిరుడు మోకాలికి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నీళ్ళలో నడిస్తే మంచిదంటే స్విమ్మింగ్ పూల్లో పొద్దున 6 గంటల ఆడవాళ్ళ బ్యాచ్‌లో చేరాను. 49 ఏళ్ళకి ఈత. మొదటి నెలంతా గట్టు వదల్లేదు. ఇప్పుడు వెల్లకిలా పడుకుని 200 లెక్కపెట్టేదాకా తేలగలను. పైన రేకుల కప్పు, నాలుగు ట్యూబ్‌లైట్లు, అందులో ఒకటి మిణుకు మిణుకుమంటూ ఉంటుంది, లెక్కపెడుతున్నంతసేపూ దాన్నే చూస్తాను. ఒక్కసారి పైన ఆకాశం ఉండి, కింద నిజం సముద్రం ఉండి, 200 లెక్కపెట్టాలని ఉంది. ఆయనకి చెప్తే నవ్వుతారేమోనని కిటికీ అన్నాను.

కాబట్టి రవెల్లో వద్దు చెల్లీ, అంత పైనుంచి చూస్తే నాకు ఇంకా దిగులు. ఇంజిన్‌రూమ్ అన్నయ్య గారూ, కమోల్యి చదివి ఒక పూట పని చేసుకోలేకపోయాను, వదిన గారికి నా నమస్కారాలు చెప్పండి, రెండోసారి వెళ్తే అక్కడికే. ఈసారికి స్టేషను కింద బీచ్ ఉన్న ఊరు, విల్‌ఫ్రాంష్. 6 రాత్రులూ అక్కడే. ఫైలు గారు చెప్పినట్టు ఫ్రాన్సుకే వీసా పెడతాం.

అత్తయ్య గారి ప్రశ్నకి నేనే జవాబు చెప్పేశాను, చూడ్డానికి కాదు అత్తయ్యా, దిగడానికి అని. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీళ్ళు చల్లగా ఉంటాయేమో, కనుక్కో" అన్నారు. అందుకే అడుగుతున్నా, సెప్టెంబరు ఆఖర్లో నీళ్ళు ఎలా ఉంటాయి? ఇంకోటి, ఆవకాయ, కందిపొడి, నెయ్యి తెచ్చుకోవచ్చా?

అక్కయ్యపాలెం టు ఆంటీబ్

ఆంటీ, మీ పోస్టు ఆఫీసులో చదివి పక్కసీటు ఫ్రెంచి అమ్మాయికి అనువాదం చేసి చెప్పాను.

నీళ్ళు 22, 23 డిగ్రీలుంటాయి. మన సముద్రం కంటే చల్లనే, మొదటి నిమిషం ఒళ్ళు జలదరిస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. పొద్దున 9, 10 మధ్య దిగండి, గాలి ఉండదు, నీళ్ళు కదలవు. కొన్ని రోజులు జెల్లీ చేపలు వస్తాయి, ఊదారంగులో చిన్నవి, కుడతాయి. అందుకని దిగేముందు ఒడ్డున ఈత కొట్టి వచ్చేవాళ్ళని "మెద్యూజ్?" అని అడగండి, తల అడ్డంగా ఊపితే దిగొచ్చు. సన్న గులక అన్నా కాలికి గుచ్చుతుంది, రబ్బరు బూట్లు వైజాగ్‌లోనే కొనుక్కోండి, మోకాలు జారకుండా పట్టు కూడా ఉంటుంది. అక్టోబరు దగ్గర పడేకొద్దీ ఉన్నట్టుండి కుండపోత పడే రోజులుంటాయి, ఒక రోజు చెడిందని కంగారు పడొద్దు.

ఆవకాయ, కందిపొడి తెచ్చుకోండి, చెక్-ఇన్ పెట్టెలో రెండు కవర్లు చుట్టి. నెయ్యి వద్దు, బయటి దేశాల నుంచి పాల వస్తువులు, మాంసం రానివ్వరు. నెయ్యి నేను పట్టుకొస్తాను, ఆదివారం ఆంటీబ్ నుంచి రైల్లో అరగంట పైనే, వస్తూ వస్తూ సొక్కా కూడా తెస్తాను. మీరు వాము తీసుకురండి.